నిండు గిన్నె ఆముదం

నాకు అనుమానం ఎక్కువని మా ఊళ్లో అందరూ అంటారు. అననీ. పాలు పోసి వెళ్లాక వేలు ముంచి చూస్తాను. రేషన్ బియ్యాన్ని ఇంటికి తెచ్చాక మళ్లీ తూస్తాను. ఫోన్లో మాట్లాడుతున్నవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గిస్తే ఆ మాటలు నా గురించేనని తేల్చేసుకుంటాను. అరవై ఎనిమిదేళ్లు ఇలాగే బతికాను. పెద్దగా నష్టపోయిందేమీ లేదని ఈ వేసవి దాకా అనుకున్నాను.

మాది తర్లుపాడు పక్కన చిన్న ఊరు. నా పేరు కృష్ణమ్మ. మా ఆయన మాలకొండయ్యకు డెబ్బై ఐదేళ్లు. కొడుకు మహేష్ మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోయి వస్తుంటాడు. కోడలు వాణి ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. జనవరిలో మా ఆయనకు తల తిరుగుతోందంటే మహేష్‌కు సెలవు దొరక్క వాణే మార్కాపురం తీసుకెళ్లింది. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు రెండు మాత్రలు రాశాడు. ఒకటి బీపీకి, రెండోది ఒంట్లో నీరు తీసే మాత్ర. మా ఇంట్లో దాన్ని నీళ్ల మాత్ర అనేవాళ్లం.

నన్ను తీసుకుపోకుండా రాయించుకొచ్చిన మాత్రలు. నాకు అక్కడే ముల్లు గుచ్చుకుంది. అవి వేసుకోవడం మొదలుపెట్టాక మనిషి గంటకోసారి దొడ్లోకి పోతున్నాడు. ముఖం పీక్కుపోయింది. ఉగాదికి వారం ముందు స్నానానికి పోతూ, నీళ్లు పోసుకునే జలదారి దగ్గర పలకరాయి మీద జారి పడ్డాడు. మోచేయి కొట్టుకుపోయింది. అంతకు ముందే అరికాళ్లకు ఆముదం నేనే పట్టించాను. అది నాకు గుర్తుంది, కానీ లెక్కలోకి రాలేదు. నలభై ఐదేళ్లుగా పట్టిస్తున్నాను, ఎప్పుడు పడ్డాడని? కొత్తగా వచ్చినవి మాత్రలే కదా.

అందుకని ఎవరికీ చెప్పకుండా ఆ మాత్రలు తీసి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. మూడు రోజులు ఇల్లంతా వెతికారు. "నువ్వే యాడనో పెట్టి మర్చిపోయుంటావు" అని వాణిని నేనే గదిమాను కూడా. పాపం, నాలుగో రోజు పోయి మళ్లీ కొనుక్కొచ్చింది. ఆ మూడు రోజులూ మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను భయపడి డబ్బాలోవి తీసి తూములో పడేశాను. ఆ సంగతి నాకూ ఆ తూముకూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

ఇక ఆముదం గురించి చెప్పాలి. మా ఇంట్లో ఆముదం కొనరు. గట్టు మీద వేసిన ఆముదాలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి మళ్లీ కాస్తాను. చిటపట ఆగేదాకా కాచాలి. ఆగిందంటే ఒక్క నీటిచుక్క కూడా మిగల్లేదని. నేను తీసిన ఆముదం కోసం బేస్తవారిపేట నుంచి కూడా సీసాలు పట్టుకొచ్చేవాళ్లు. బాలింతకు, మోకాళ్లకు, పసిపిల్లల మాడుకు, కళ్ల చలవకు, అన్నిటికీ కృష్ణమ్మ ఆముదమే.

అమావాస్య దాటిన ఆదివారం ఇంటిల్లిపాదీ తాగడం మా అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. తాగి, మధ్యాహ్నం మిరియాల చారుతో అన్నం తింటాం. కొలతకు ఒక ఇత్తడి గిన్నె ఉంది. ఇంటి పెద్దకు నిండు గిన్నె, ఎదిగిన కొడుక్కు సగం, ఆడవాళ్లకు అడుగు తడిచేంత. మా మామ చనిపోయిన నెల నుంచి నిండు గిన్నె మా ఆయనకు వచ్చింది. ఆ రోజు నా చేతులు ఎంత గర్వంగా పోశాయో ఇప్పటికీ చెప్పగలను. వాణి మాత్రం పెళ్లయిన మొదటి నెలే వాంతి చేసుకుని, నాకు వద్దత్తా అని తేల్చి చెప్పింది. అది కూడా నేను మర్చిపోలేదు.

ఏప్రిల్లో మా ఆయన బర్రెల కొట్టం దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఆ సాయంత్రం వాణి మిషన్ ఆపి నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"అత్తా, నువ్వు కోప్పడొద్దు. మామకు ఇంక ఆముదం పోయొద్దు. సబ్ సెంటర్లో ప్రియదర్శిని సిస్టర్‌ను అడిగినా. నీళ్ల మాత్ర యేసుకునేవాళ్లు దాని మీద విరేచనాలకు తాగితే ఒంట్లో ఉప్పంతా పోయి గుండెకే ప్రమాదమంట."

"ఆ సిస్టరు వయసెంత?"

"ఇరవై ఆరో ఏడో ఉంటాయి."

"నేను ఆముదం కాయబట్టి నలభై ఏండ్లయింది."

"కాదనటంలే అత్తా. మానలేకపోతే కనీసం పావు గిన్నె పొయ్యి."

అక్కడ నాకు తిక్క రేగింది. "ఇంటి పెద్దకు పావు గిన్నె పోస్తారా ఎవరన్నా? రేపు ఆయన మంచం కూడా పంచలోకి మారుస్తావా?" అన్నాను. వాణి లేచి వెళ్లి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మామూలుకంటే గట్టిగా ఉందనిపించింది. ఈ పిల్ల ఏదో చేస్తోంది అనుకున్నాను. మాత్రలు తనే ఇస్తుంది, ఆసుపత్రికి తనే తీసుకుపోతుంది, ఇప్పుడు ఆముదం ఆపాలంటోంది. రేపు నేను ఏది ముట్టుకోవాలన్నా ఈమెను అడగాలేమో.

మర్నాడు వంటింటి గూట్లో ఉన్న ఆముదం సీసా మీద గుర్తు పెట్టాను. బొగ్గుతో పెడితే చెరిగిపోతుందని వాణి గోళ్లరంగే తీసి, నూనె మట్టానికి సన్నగా గీత గీశాను. నా సొమ్ము కాపాడుకోవడానికి ఆమె రంగే వాడానని లోపల కాస్త సంబరం కూడా. రోజూ మూడు పూటలా చూసేదాన్ని. నూనె గీత దగ్గరే ఉండేది. మోకాళ్లకు కొంచెం తీసినప్పుడల్లా కొత్త గీత పెట్టేదాన్ని. సీసా మీద ఎర్రగీతలు చూసి మహేష్ నవ్వాడు. వాడు నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

పది రోజులకు మా ఆయన మోకాళ్లకు రాద్దామని రెండు చెంచాల ఆముదం గరిటెలో పోసి పొయ్యి మీద పెట్టాను. చిటపటమంది. నా చేయి ఆగిపోయింది. నేను కాచిన ఆముదం చిటపటమనదు. సీసా తీసి వెలుతురులో పట్టి చూశాను. అడుగున వేలు మందాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎవరో నూనె తీసి, గీత దాకా నీళ్లు పోసి పెడుతున్నారు.

ఎవరో ఏమిటి, వాణే అనుకున్నాను. జుట్టు ఊడిపోతోందని ఈమధ్య అద్దం ముందు గంటసేపు నిలబడుతోంది. అడిగితే ఇవ్వనా? అడగదు. మామకు పోయొద్దని నీతులు చెప్పి తను తలకు పూసుకుంటుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అరిచి లాభం లేదు, చేతిలో సీసాతో పట్టుకోవాలి.

శనివారం మధ్యాహ్నం దుకాణానికి పోతున్నానని గట్టిగా చెప్పి, సంచి తీసుకుని బయటకు వెళ్లి, వెనక సందు నుంచి దొడ్లోకి వచ్చాను. ఈ వయసులో కంచె దూరడం నాకే నవ్వొచ్చింది. వంటింటి కిటికీ పక్కన నిలబడ్డాను. వాణి మిషన్ చప్పుడు ముందు గదిలో నుంచి వినపడుతూనే ఉంది. వంటింట్లో మాత్రం ఎవరో ఉన్నారు. తొంగి చూశాను.

మా ఆయన. ఒక చేత్తో గూడు పట్టుకుని, రెండో చేత్తో ఇత్తడి గిన్నె నోటికి ఎత్తి, గుటక వేస్తున్నాడు. తాగడం అయ్యాక చెంబులో నీళ్లు తీసుకుని, సీసాను కంటి ఎత్తుకు పెట్టుకుని, గీత చూసుకుంటూ జాగ్రత్తగా పోశాడు.

నేను లోపలికి పోగానే గతుక్కుమన్నాడు. "కడుపు కదల్లేదే రెండు రోజులుగా. అందుకని కొంచెం" అన్నాడు. "వాణికి చెప్పొద్దు" అని కూడా అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, సంతోషం. వాణి మాటను కాదని మనిషి నా ఆముదం దగ్గరికే వచ్చాడు కదా. సీసా అడుగున నీళ్లు పది రోజుల నుంచీ చేరుతున్నాయని నాకు తెలుసు. ఈ ఒక్కసారే తాగి ఉండడని తెలుసు. ఎన్నిసార్లు తాగావని అడగాలి. పాలలో నీళ్లు వెతికే మనిషిని, కట్టుకున్నవాణ్ని ఆ ఒక్క మాట అడగలేదు. మర్నాడు అమావాస్య దాటిన ఆదివారం. కడుపు పూర్తిగా శుభ్రపడుతుందని పొద్దున్నే నిండు గిన్నె నా చేత్తో పోసి ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని తాగేశాడు.

ఆదివారమంతా దొడ్లోకి తిరుగుతూనే ఉన్నాడు. సోమవారం పొద్దున మంచం మీద నుంచి లేవలేదు. పిలిస్తే పలుకుతున్నాడు గానీ మాట ముద్దగా ఉంది. కాళ్లు పట్టుకుపోయాయి. వాణి నాడి పట్టుకుని చూసి, "ఆగి ఆగి కొట్టుకుంటుండాది" అంది. మహేష్ ఆటో తెచ్చాడు. మార్కాపురం దాకా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. ఆ మాత్రలను, రాసిన డాక్టరును, తెచ్చిన కోడలిని వరసగా తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఛాతీకి తీగలు పెట్టారు. కాసేపటికి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది.

"ఒంట్లో నీళ్లు లేవు, లవణాలు బాగా పడిపోయాయి. పొటాషియం మరీ తక్కువగా ఉంది, అందుకే గుండె లయ తప్పుతోంది. ఆయన వేసుకునే నీళ్ల మాత్ర ఒక్కటే ఇంత చేయదు. ఇంట్లో ఇంకేమైనా వాడుతున్నారా? నాటుమందు గానీ, విరేచనాలకు గానీ?"

"ఏం లేదు మేడం" అన్నాడు మహేష్. వాడు అబద్ధం చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో తాగుతున్న ఆముదం మందు కిందికి వస్తుందని వాడికి తట్టలేదు.

వాణికి తట్టింది. నేను ఆమె వైపే చూస్తున్నాను. ఇప్పుడు చెప్పేస్తుంది, నలుగురిలో నన్ను నిలబెడుతుంది అనుకున్నాను. ఆమె నోరు తెరవలేదు. తల వంచుకుని సంచి తాడు వేలికి చుట్టుకుంటోంది. నేనే చెప్పాలని ఎదురు చూస్తోందని అర్థమైంది. చెబితే నలభై ఏళ్ల పేరు ఈ వరండాలోనే పోతుంది. చెప్పకపోతే వాళ్లు కారణం ఎక్కడెక్కడో వెతుకుతారు, ఈలోగా లోపల ఆ గుండె ఆగి ఆగి కొట్టుకుంటుంది.

"ఆముదం తాగినాడమ్మా" అన్నాను. "నేనే పోసినా. నిన్న పోసినా. మొన్న ఆయనే తాగినాడు. అంతకు ముందు కూడా తాగుంటాడు."

"ఎంత?"

"ఇంటి పెద్దకు నిండు గిన్నె. మా అత్త కాలం నాటి కొలత" అని చేత్తో గిన్నె లోతు చూపించాను. నర్సుతో మందు కొలిచే కప్పు తెప్పించి, నీళ్లు పోసి, ఇంతా ఇంతా అని అడిగింది. చిన్న కప్పు రెండుసార్లు నిండి అరవై మిల్లీ దగ్గర ఆగింది. డాక్టరమ్మ నా ముఖం వైపు చూసింది.

"పొలం దున్నే వయసులో ఈ కొలత ఎవరు పెట్టారో గానీ, ఆయన బరువు ఇప్పుడు నలభై ఎనిమిది కిలోలు. అప్పుడు మాత్రలు లేవు, ఇప్పుడు ఉన్నాయి. మీరెంత తాగుతారమ్మా?"

"అడుగు తడిచేంత" అన్నాను. ఆమె గబగబా లోపలికి వెళ్లిపోయింది.

రెండు రాత్రులు సెలైన్ ఎక్కింది. మూడో రోజుకు గుండె సర్దుకుందని చెప్పారు. డాక్టరమ్మ నన్ను మాత్రమే పిలిచి కూర్చోబెట్టింది. ఇక ఆయన ఆముదం నోట్లో పోసుకోకూడదని చెప్పింది. అలవాటు పడితే పేగు తనంతట తాను కదలడం మరిచిపోతుందట. రోజూ కడుపు కదలాలనే లెక్క కూడా లేదట, రెండు రోజులకోసారి సులువుగా అయినా చాలట. బీపీ మాత్ర వల్ల కూడా కడుపు బిగుసుకుపోతుందని ఆ మాత్ర మార్చింది. నీళ్లలో కలిపి తాగే పొడి ఏదో రాసింది.

"మరి మోకాళ్లకమ్మా?" అని అడిగాను. ఎందుకో అదైనా మిగులుతుందేమోనని ఆశ.

"రాయండి. గోరువెచ్చగా రుద్దితే హాయిగా ఉంటుంది. అరిగిన కీలు మాత్రం దానితో తిరిగి రాదు. అరికాళ్లకు రాస్తే గుడ్డతో తుడిచేదాకా కింద పెట్టనివ్వద్దు."

"కళ్లల్లో రెండు చుక్కలు యేస్తానమ్మా, పొర పోతాదని."

"వేయొద్దు. పొర పోదు, చీము పడుతుంది. శుక్లాలేమో కంటి డాక్టరుకు చూపించండి."

నేను తల ఊపాను. ఈ పిల్ల చెప్పిందంతా నిజమేనా అని లోపల ఒక గొంతు ఇంకా సణుగుతూనే ఉంది. దాన్ని పట్టించుకోలేదు. అది చెప్పినట్టు విన్నందుకే కదా ఇక్కడికి వచ్చాం.

ఆ సాయంత్రం మహేష్, వాణి టీకి వెళ్లినప్పుడు మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఆయనకు మాట స్పష్టంగా వస్తోంది.

"కడుపు కదలటంలే అని నాకు ఒక్క మాట చెప్తే ఏమయ్యేది నీకు?" అన్నాను.

"చెప్తే మాత్రలు ఆపుతావు."

"నేనెందుకు ఆపుతా?"

"ఉగాదికి ముందు బియ్యం డబ్బాలో పెట్టినావే, అదేంది మరి?"

ఆయన పైకప్పు వైపు చూస్తూ మెల్లగా చెప్పుకుపోయాడు.

"నువ్వు దాయడం నేను చూసినా. తూములో పడేయడం కూడా చూసినా. ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నా. మా నాయన పక్షవాతం వచ్చి మూడేండ్లు మంచంలో ఉన్నాడు, నువ్వే చేసినావు గదా ఆయనకు. నాకా గతి పట్టగూడదని మాత్రలు మింగుతుండా. అవి యేసుకున్నప్పటి నుంచి బయటికి పోవడం కష్టమైపోయింది. ఆ మాట నీ చెవిన పడితే తప్పంతా మాత్రలదేనంటావు, మళ్ళ దాస్తావు. అందుకే మాత్రలు మాననూలే, నీకు చెప్పనూలే. వారానికి రెండు మూడు తూర్లు నాకు నేనే పోసుకున్నా."

"నీళ్లు ఎందుకు కలిపినావు?"

"నువ్వు గీతలు పెట్టినావు గదా. తగ్గితే వాణి మీద పడతావు."

బయట ట్రాలీ చక్రాలు కిర్రుమంటూ పోయాయి. నేను దుప్పటి సరిచేశాను, అది సరిగ్గానే ఉంది.

"అంటే నువ్వు నన్ను నమ్మలే" అన్నాను.

"లే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఎదురు తిరిగేదాన్ని.

ఇంటికి వచ్చాక మాత్రల సంచి వాణి చేతిలోనే ఉంది. అడగడానికి ఒక పూటంతా పట్టింది. "ఏది ఎప్పుడు యెయ్యాల్నో నాకు గూడ చెప్పు పిల్లా" అన్నాను. నా మనసులో ఏముందోనని వాణి ఒక నిమిషం తటపటాయించింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, ఏ రంగుది పొద్దున, ఏ రంగుది రాత్రి, పొడి ఎంత, అన్నీ చూపించింది. మామ ఉదయం బయటికి వెళ్లొచ్చాడో లేదో అడగాలని కూడా చెప్పింది. నా మొగుణ్ని అది అడగడానికి నాకు సిగ్గేసింది. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున అడిగాను. "అయింది లే" అన్నాడు విసుగ్గా. మాత్ర చేతిలో పెట్టి నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వెంటనే నోట్లో వేసుకోలేదు. కిటికీ వైపు తిరిగి, వెలుతురులో మాత్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు చూశాడు, మీద ఉన్న గీత చూశాడు. ఆ తర్వాత గుమ్మం దగ్గర ఉన్న వాణి వైపు చూశాడు. అదేనన్నట్టు ఆమె తల ఊపింది. అప్పుడు మింగాడు.

ఆ చూపు ఎవరిదో నాకు తెలియదా? దాన్ని ఇన్నేళ్లుగా అందరి మీదా వాడింది నేనే. ఇంకెవరైనా నా చేతి మాత్రను అలా తిప్పి చూసి ఉంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి ఆయనకు కనపడకుండా గ్లాసు కడగడానికి పోయాను.

రెండో రోజూ అలాగే చూశాడు. ఇవాళ ఇరవయ్యో రోజు. ఇవాళ కూడా చూశాడు. చూసుకోనీ అని, ఆయన చూడటం అయ్యేదాకా గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.